ఏరు లేని పేరు

నిన్న రాత్రి టీవీలో కామెంటరీ కుర్రాడు అడిగాడు:
"ఇంతకీ చంపావతి ఎవరండీ, ఓనరు గారి అమ్మగారా?"
పక్కనున్న పెద్దమనిషి నవ్వేసి ఊరుకున్నాడు.
ఆయనకీ తెలీదు.
నేను సౌండు తీసేశాను.

చంపావతి ఎవరంటే, నాయనా,
గజపతినగరం దిగువన పారే ఏరు.
ఎండల్లో గేదె మోకాలు తడవదు.
తుపానొచ్చిన రాత్రి మాత్రం
వంతెన కమ్ములు ఒక్కొక్కటే లెక్కెట్టుకుంటూ పోతుంది.
ఒడ్డున గోనె మిల్లు ఉండేది.
గోదాము గోడకి ఒక రింగు,
నీళ్ళ ట్యాంకు స్తంభానికి ఇంకోటి.
గోగునార ఆరబెట్టే గచ్చే కోర్టు.

జట్టు సమ్మెలో పుట్టింది.
గేటుకి తాళం పడ్డ అరవై రెండు రోజులూ
ఖాళీ చేతులు దెబ్బలాటలకి దిగకుండా
యూనియన్ సెక్రటరీ మజ్జి గౌరునాయుడు
ఒక బంతి తెచ్చి పడేశాడు.
తాళం తీశాక కూడా బంతి ఆగలేదు.
గోనెలు కుట్టే కర్రోతు ముత్యాలు
గోగునారతోనే రింగులకి వల అల్లింది.
బంతి అందులోంచి జారితే
కథ వింటున్న పిల్ల "ఊఁ" కొట్టినట్టుండేది.
నైలాను వలలు ఊఁ కొట్టవు.

లోడు లారీలో గోనెల మీద కూచుని
బొబ్బిలి, పార్వతీపురం, రాయగడ దాకా వెళ్ళి ఆడేవాళ్ళు.
గెలిస్తే తిరుగుదారంతా హారనే.
ఓడితే ఊరి మొదట్లో డ్రైవరు లోపలి లైటు ఆపేసేవాడు,
ఒకరి మొహం ఒకరు చూడక్కర్లేకుండా.

పతివాడ ఆదియ్యకి మగ్గాల రొదలో చెవులు పోయాయి.
ఈల వినపడదు.
అతనొక్కడి కోసం రిఫరీ ఎర్ర రుమాలు ఊపేవాడు.
రుమాలు చూడనట్టు నటించి
రెండు పాయింట్లు కొట్టేస్తున్నాడని
అవతలి జట్లు గోల పెట్టేవి.
నటించేవాడే. నాకు తెలుసు.
నేను లోడింగు గుమస్తాని, స్కోరూ నేనే.
గోదాము తలుపు మీద సుద్దముక్కతో
మూటలు నాలుగొందల పన్నెండు,
దాని కింద చంపావతి అరవై ఒకటి.
ఒకసారి రెండూ కలిపి కూడేసి తిట్లు తిన్నాను.

తర్వాత జీతాలు ఆగాయి. లీగు వచ్చింది.
మగ్గాల కంటే ముందు జట్టు అమ్ముడుపోయింది.
విశాఖ నుంచి వ్యానులో ఇద్దరొచ్చి
జాబితా రాయమన్నారు, రాశాను:
బంతులు పదకొండు. జెర్సీలు ఇరవై నాలుగు.
ఈల ఒకటి.
కుర్రాళ్ళు నలుగురు.
పేరు ఒకటి.
కింద సంతకం నాది.
రుమాలు వాళ్ళు అడగలేదు, నేను ఇవ్వలేదు.

విశాఖలో మూడేళ్ళు.
సముద్రం ఉన్నవాళ్ళ కంటికి ఏరు ఆనలేదు.
అక్కణ్ణుంచి హైదరాబాదు.
నలుగురిలో ఆఖరివాడు లెంక సూరిబాబు, మోకాలు పోయి,
కొత్తవలసలో టైర్లకి గాలి కొడుతున్నాడు.
గోగునార రంగు జెర్సీ మాత్రం మార్చలేదు.
దాన్ని వాళ్ళు బంగారం అంటున్నారు.

రాత్రి ఆదియ్య నా పక్కనే ఉన్నాడు.
సౌండు ఉన్నా లేకపోయినా అతనికొకటే.
తెర అడుగున అక్షరాలు పరిగెడుతున్నాయి,
చంపావతి, చంపావతి.
కూడబలుక్కుని చదివి లేచి నిలబడ్డాడు:
"ఏటి, ఏరొచ్చీసిందేటి?"
గెలిచిందిరా, అని వేళ్ళతో స్కోరు చూపించాను.
చూడనట్టే నటించాడు.
టార్చిలైటు పట్టుకుని
వంతెన వైపు వెళ్ళాడు.