కుప్ప లెక్క

పాంటిప్రిడ్ కొండవాలులో, రైలుకట్ట పక్కన
నాకో చిన్న కౌలు మడి.
పక్క మడి ఎమ్లిన్‌ది.
పాతికేళ్లు బొగ్గుగనిలో దిగి ఎక్కిన మనిషి,
ఇప్పుడు రెండు మెట్లెక్కితే ఆగుతాడు.

ఏప్రిల్‌లో కుప్ప మొదలుపెట్టాను.
వంటింటి తొక్కలు, హోటలు వాళ్లిచ్చిన కాఫీ పిప్పి,
కోసిన పచ్చగడ్డి బస్తాలకు బస్తాలు.
పచ్చగా ఉంటే చాలనుకున్నాను.
వారం తిరిగేసరికి
గుర్రాల కొట్టంలాంటి ఘాటు, కళ్ల వెంట నీళ్లు.
కంచె మీదుగా ఎమ్లిన్ ముక్కు ఎగబీల్చాడు:
"నీ నత్రజని లేచిపోతోందమ్మాయ్.
దానికి కూర్చోడానికి పీటే వెయ్యలేదు నువ్వు."

అట్టపెట్టెలు చింపాం, గుడ్ల ట్రేలు చింపాం,
నిరుటి సికమోర్ ఆకులు, రంపపు పొట్టు,
నా పాత కరెంటు బిల్లులు కూడా.
ముప్పై పాళ్ల కర్బనానికి ఒక పాలు నత్రజని.
అది బుట్టల లెక్క కాదు, లోపలి లెక్క అన్నాడు.
చివరికి మా అమ్మ ఉప్పుకి చెప్పే కొలతే:
తగినంత.

నాలుగో రోజు చెయ్యి పెట్టలేకపోయాను.
అరవై రెండు డిగ్రీలు.
పారతో తిరగేస్తే
ఇడ్లీపాత్ర మూత తీసినట్టు ఆవిరి.

కౌన్సిల్ ఆఫీసులో జమాఖర్చులు చూసేదాన్ని.
సెప్టెంబరుకి కుప్ప నడుము ఎత్తు నుంచి మోకాలికి దిగితే
నిద్ర పట్టలేదు.
వేసిందంతా రాసుకున్నాను. తీసింది ఏమీ లేదు.
సగం ఎవరు తిన్నారు?

"తిన్నవాళ్లు అందులోనే ఉన్నారు, కంటికి ఆనరు.
తిన్నది కర్బనం, వదిలింది ఊపిరి.
ఆవిరి చూస్తూ నించున్నావే,
దాని చాటున కనపడకుండా పోయింది, అదీ నీ ఖర్చు."
నత్రజని మాత్రం చాలావరకు ఊరు దాటలేదట.
ఒకరి ఒంట్లోంచి ఇంకొకరి ఒంట్లోకి,
చచ్చినవాళ్ల నుంచి పుట్టినవాళ్లకి
చేతులు మారుతూ.
ముప్పైకి ఒకటిగా ఉన్నది
పన్నెండుకి ఒకటై నిలిచింది.
పెరక్కుండానే చిక్కబడింది,
పాలు మరిగి కోవా అయినట్టు.

అంత మాట ఒక్క దమ్మున చెప్పలేక
బకెట్టు బోర్లించి కూర్చున్నాడు.
దగ్గు.
"నా లోపలి కర్బనం మాత్రం," రొమ్ము మీద వేలు పెట్టి,
"ఏ పురుగూ తినదు.
ముప్పై కోట్ల ఏళ్ల కిందట
కుళ్లడం మర్చిపోయిన అడవి అది.
కొంత తవ్విచ్చాను, కొంత దాచుకున్నాను."
నవ్వాడో దగ్గాడో తెలీలేదు.
నేను థర్మామీటరు తుడిచాను. మళ్లీ తుడిచాను.

అక్టోబరు. ఇక్కడి వానకి వేళాపాళా లేదు.
కుప్ప చల్లబడింది.
ఎమ్లిన్ ఫోను, వెనక ఆక్సిజన్ మిషను బుస:
"ఇప్పుడది నీళ్లలో కరిగే రూపానికి తిరుగుతుంది,
కప్పకపోతే కాలవ పాలే.
మా హాల్లో తివాచీ తీసేశాం, పట్టుకుపో."

మోసుకొచ్చి పరిచాను, మూలలకి రాళ్లు పెట్టాను.
మధ్యలో, ఎన్నేళ్లవో,
అతని కుర్చీ కాళ్లు నొక్కిన నాలుగు గుంటలు.
ముందు అవే నిండాయి.