సగం ధరకు వాపస్

ఆదివారం ఆబిడ్స్‌లో
మూసిన షట్టర్ల ముందు
పుస్తకాలు బోర్లా పడుకుని ఎండ కాచుకుంటున్నాయి.
ఖలీల్ భాయ్ చెవి మీది పెన్సిల్ తీసి
అట్ట లోపల నూట ఇరవై అని రాశాడు.
"నచ్చకపోతే వచ్చే ఐతారం తెండి మేడం,
సగం పైసలు వాపస్."

అంటే నాకు ఏడు రోజులు.

నేను తొందర మనిషిని.
మొదటి పేజీలో శవం, మూడో పేజీలో జీపు,
కోఠిలో ఎక్కి ఉప్పల్‌లో దిగేలోగా
సగం ముడులు విడిపోవాలి.
దీంట్లో నలభై పేజీలైనా
ఒకావిడ ఫ్లాట్‌లో ఒక్కతే టీ పెట్టుకుంటోంది.
డ్రాయర్లో చెంచా
నిన్న అటు తిరిగి ఉంది, ఇవాళ ఇటు.
అంతే. దానికి రెండు అధ్యాయాలు.

నాకంటే ముందు చదివినవాళ్ళెవరో
అంచుల్లో పెన్సిల్‌తో గొణుక్కున్నారు.
నలభై ఒకటిలో: "ఎప్పుడు మొదలైతది?"
డెబ్బై ఆరులో: "చాయ్ చల్లగైంది."
నవ్వొచ్చింది. తోడు దొరికిందనుకున్నాను.
నూట పన్నెండులో మాటల్లేవు,
ఒక మామూలు వాక్యం కింద గీత,
పెన్సిల్ మొన విరిగేంత గట్టిగా:
తలుపు తనే వేసుకుంది కాబోలు.
ఆ తర్వాత అంచులన్నీ తెలుపు.

ఇందులో గీత గీయాల్సిందేముంది?
బస్ టికెట్ అక్కడే పెట్టి మూశాను.

హిమాయత్‌నగర్లో నా ఉద్యోగం చెవుల పరీక్ష.
గాజు గదిలో మనిషిని కూర్చోబెట్టి
శబ్దాన్ని మెట్టు మెట్టుగా దించుతాను.
వినబడితే బటన్ నొక్కాలి.
కొందరు, ఎంత మోగినా,
ఇంకా మొదలవలేదా అన్నట్టు అద్దంలోంచి చూస్తారు.
కొందరుంటారు,
నేను ఆపేశాక కూడా నొక్కుతూనే ఉంటారు.
వాళ్ళకు రిపోర్టులో గడి లేదు.

గురువారం రాత్రి కుక్కర్ మూడు కూతలు కూసింది.
రెండేనేమో.
పప్పు ఉడికింది, తిన్నాను.
పడుకున్నాక లేచి వెళ్ళి గడియ చూశాను.
వేసే ఉంది.
నేనే వేశాను కాబోలు.

"వదిలెయ్, నీకు పడదు" అంది మా రిసెప్షన్ తబిత.
"పాయసంలో జీడిపప్పు ఏరుకుని
లేచిపోయే రకానివి నువ్వు."
నిజమే. ఆ రాత్రి టీవీలో
నాలుగు కార్లు పేలాయి, ఒక్కటీ చెవికెక్కలేదు.

శనివారం దబీర్‌పురా దర్జీ ఒకాయన
లేని శబ్దానికి ఏడుసార్లు నొక్కాడు.
ఏం వినబడింది పెద్దాయనా అని అడిగాను.
"మీరు ఆపిన చప్పుడమ్మా" అన్నాడు.

ఆదివారం పుస్తకం తిరిగి ఇచ్చేశాను.
ఒక యాభై, ఒక పది.
ఉప్పల్ బస్ వచ్చింది.
"ఎక్కుతరా, లేదా?" అని కండక్టర్ కసిరింది.
బస్ వెళ్ళిపోయింది.

గుట్టంతా వెతికాను. లేదు.
ఖలీల్ భాయ్ తను కూర్చున్న పీట కింది నుంచి తీశాడు,
దుమ్ము తుడిచి ఉంచిన పుస్తకాన్ని.
"ఇప్పుడు పూరా నూట ఇరవై."
బేరం లేకుండా ఇచ్చాను.
"నూట పన్నెండు కాడ ఆగినోళ్ళు
ఎట్లైనా మళ్ళొస్తరు" అన్నాడు,
పెన్సిల్ చెవి మీదికి సర్దుకుంటూ.

ఎక్కడ ఆగానో నేనాయనకు చెప్పలేదు.

టికెట్ తీసేసే కదా ఇచ్చాను.

చెప్పే ఉంటాను.