తాయారమ్మ అడ్డం, నేను నిలువు

ఆదివారం అనుబంధం పెరంబూరులో మా సందు దాకా
సోమవారానికి గానీ నడిచి రాదు.
స్టేషన్ మెట్ల కింద కొట్టతను
చిక్కీల డబ్బా అడుగున నాకొకటి దాచి ఉంచుతాడు.
తెలుగు చదివేవాళ్ళు ఈ వీధి మొత్తానికి
నేనూ, ఇస్త్రీ ఓబులేసూ.
మాట్లాడేవాళ్ళైతే ప్రతి ఇంట్లోనూ ఉన్నారు.

కింది వాటాలో తాయారమ్మ,
సెల్వం టైలరు పంపిన జాకెట్లకు హుక్కులు కుడుతూ
"చదువు నాయనా" అంటుంది, దారం కొరికి.
ఆమె తాత తెలుగులోనే తిట్టేవాడట,
తండ్రి తెలుగులోనే అప్పులు చేశాడట,
బడిలో మాత్రం తమిళ అక్షరాలు.
తెలుగు ఆమెకు చెవిలో ఉంది. కంట్లో లేదు.

"చొక్కాకు కన్నం, నోటికి తీపి. రెండక్షరాలు."
"కాజా."
తలైనా ఎత్తలేదు.
"దినానికి నలభై కుడతా ఉండాను, నాకు తెలీదా?"

"అటు పొర్లినా ఇటు పొర్లినా అదే. మూడు."
సూది ఆగింది.
వేలి కణుపుల మీద బొటనవేలు
ముందుకు నడిచింది, వెనక్కి నడిచింది.
"కునుకు."
ఎందుకని అడిగితే
"కునుకంటే కునుకే. ఎందుకేంది?"

అప్పుడిక నా వంతు.
కు, ను, కు. చివర్నించి మొదలెట్టినా మారదు.
పొర్లడం అన్నాడు చూడు,
మంచం మీది మనిషికి చెప్పినట్టే చెప్పి
అక్షరాలకు చెప్పాడు.
"అట్టనా!" అని నోరు తెరుస్తుంది,
జవాబు తనది కానట్టు,
తన పెట్టె అడుగునుంచే ఎవరో
తనెప్పుడూ చూడని గొలుసు తీసి చూపించినట్టు.

ఆమెకు జవాబులొస్తాయి.
నాకు కారణాలొస్తాయి.

"సీమ ఊరు తిరగబడితే పడుకోవచ్చు."
మా ఊరే. ఇరవై ఆరేళ్ళుగా
ప్రతి ఫారంలోనూ కడప అని రాశాను,
ఒక్కసారీ పడక కనిపించలేదు.
అదీ ఆమే చెప్పింది, మాటను నోట్లోనే
అటూ ఇటూ రెండు కుట్లు వేసి.

ఒక సోమవారం పలక కొనుక్కొచ్చాను.
"దీన్ని తిప్పితే కలప" అని నవ్వించబోయాను.
"అక్షరాలు నేర్పిస్తా. యాభయ్యారే."
ఆమె జాకెట్లు మడతపెట్టింది.
"కాజా కుట్టేది నీకు నేర్పిస్తానని
నేనెప్పుడన్నా అంటినా?"
తలుపు.

ఆ వారం నాలుగు అడ్డం:
"నీవు అనర్హుడివి. అదే జగడం. మూడు."
తగవు.
ఒక్కణ్ణే పూరించాను.
ఎవరికీ విప్పి చెప్పని జవాబు
గడిలో తప్పులాగే కనిపించింది.

మూడు సోమవారాలు పోయాక ఒకటి నన్ను పట్టుకుంది:
"చిన్న పేరు సాగదీస్తే ఇల్లు దొరుకుతుంది. నాలుగు."
చిట్టి, బుజ్జి, పండు,
మా చుట్టాల ముద్దుపేర్లన్నీ సాగదీశాను.
ఏ ఇల్లూ దొరకలేదు.
రాత్రి కరెంటు పోయింది.
మెట్ల మీద నిలబడి చీకట్లోకి పిలిచాను,
తాయారమ్మా అనబోతే నోట సగమే వచ్చింది:
"తాయీ..."
ఆ దీర్ఘం అడుగు మెట్టు దాకా జారింది.
గడియ తీసిన చప్పుడు.

ఆధారం చదివాను.
"చిరునామా" అంది చీకటి.
"ఎందుకో తెలుసా?"
"తెలీదు. నువ్వు చెప్పేదానికే గదా వచ్చినావు."
చెప్పాను. చిరు అంటే చిన్న,
నామ అంటే పేరు, చివర్న కాస్త లాగితే...
"లాగినావులే, వినపడింది."

దీపం వచ్చాక పేపరు తనవైపు తిప్పుకుంది,
తలకిందులుగా.
నల్ల గడి మీద వేలు పెట్టి
"ఈ ఇండ్లల్లో ఎవరుండారు?"
"ఎవరూ లేరు. మాట అక్కడ ఆగుతుంది."
"ఊఁ" అంది.
లోపలికి పోయి హుక్కుల సీసా తెచ్చేలోపు
సూది దొర్లిపోకుండా
ఆ నల్ల గడిలో గుచ్చిపెట్టి పోయింది.