రెండు వందల పన్నెండో పేజీ

ఆదివారం పదిన్నరకి, బాగ్‌లింగంపల్లిలో
నాకు ఏడు నిమిషాలిచ్చారు.
నవలలో అది మూడున్నర పేజీలు.
ఎక్కడ కొయ్యాలో తెలీక
వాన వర్ణన మీద పెన్సిల్ పెట్టి, తీసి,
మళ్లీ పెట్టాను.

ఊపిరి పీల్చే చోటల్లా నిలువు గీత.
గొంతు తగ్గించే చోట కింద గీత.
లిఫ్టు పాడై మూడో రోజు.
విద్యానగర్ స్టేషన్లో లోకల్ రైలు కదిలిపోయేదాకా ఆగి
మెట్ల మీద నిలబడి చదివాను.
మలుపులో తిరిగొచ్చిన నా గొంతు
నాకన్నా గొప్పగా వినపడింది.

రేషన్ షాపు ముందు ఎల్లవ్వ అనే మాట ఒకటుంది:
"ఉంటె ఇయ్యి. లేకుంటె లేదను."
అక్కడికొచ్చేసరికి గొంతు వణికించేవాణ్ణి.
వణుకు బాగా కుదిరింది కూడా.

మెట్లు తుడుస్తున్న మణెమ్మ
బకెట్ పక్కకు జరిపింది.
"రోజు ఇంటున్న సార్.
ఆమె గట్ల ఏడ్వది.
నాలుగుసార్లు తిరిగినంక ఎవ్వలేడుస్తరు?
కాళ్లు గుంజుతయి, గంతే."

రాత్రి రబ్బరుతో గీతలన్నీ చెరిపాను.
కాగితం ఒకచోట పల్చబడి
వెనక పేజీ అక్షరాలు కనిపిస్తున్నాయి.
వాన మొత్తం తీసేశాను.
క్యూలో ఎల్లవ్వ నిలబడ్డానికి
ఆ అర నిమిషం కావాలి.

ఇప్పుడు ఆ మాట దగ్గర
ఒక కాలి మీది బరువు ఇంకో కాలి మీదికి మార్చుకుని
ఊరికే అంటున్నాను.

ఏడు నిమిషాల పది సెకన్లు వస్తోంది.
ఆ పదీ ఎక్కడ తగ్గించాలో అడుగుదామంటే
రేపు మణెమ్మ రాదట.
బియ్యం ఇస్తున్నారట,
పొద్దున్నే పోయి లైన్లో నిలబడాలట.