మొగిలి ఎక్కేటప్పుడు మాత్రం

"సమంగా ఉండే రోడ్డు మీద ఏమీ లేదు పాపా,
మొగిలి ఘాట్ ఎక్కేటప్పుడు మాత్రం
ఎవురో వెనక నుంచి చొక్కా పట్టి లాగినట్టుంటాది"
అన్నాడు మండీ పురుషోత్తం.
డిక్కీ తెరిస్తే గుప్పున బెంగుళూరా కాయల వాసన.

మురకంబట్టు బైపాసు పక్కన మా షెడ్డు.
జూన్ నెల. గుజ్జు ఫ్యాక్టరీకి పోయే ట్రాక్టర్లు
మా గేటు దాకా బారు తీరి నిలబడిండాయి.

స్కానర్ తగిలిస్తే చెప్పింది:
రెండో సిలిండర్లో మంట తప్పుతా ఉంది.
యాడ తప్పిందో చెప్తాది గానీ
ఎందుకు తప్పిందో దానికి తెలీదు.
ప్లగ్గా, ఇంజెక్టరా, కాయిలా?
కాయిల్‌కి మీటర్ పెట్టి చూసినా.
ముల్లు ఉండాల్సిన చోటే ఉంది.
చల్లంగా ఉన్నప్పుడు అన్నీ బాగుండాయనే చెప్తాది,
పెండ్లిచూపుల్లో మాదిరి.

"కాగనీ" అన్నాడు ఏకాంబరం మేస్త్రి.
మొగిలి దాకా పోయి తిరిగొచ్చేసరికి
పసుపు లైటు కన్ను కొడతా ఉంది,
బానెట్ కింద వణుకు.

మేస్త్రి సైలెన్సర్ గొట్టం ముందర అరచెయ్యి పెట్టినాడు,
దోసె పెనం కాగిందా అని చూసినట్టు.
ముందరైతే బండి గేటు దాటకముందే
"రెండోది" అనేసేవాడు, బీడీ నోట్లోంచి తీయకుండా.
ముప్పై ఏండ్ల ఇంజన్లు ఆయన ఎడమ చెవిని
రవ్వంత రవ్వంత తినేసినాయి.
ఆ సంగతి నాకు తెలుసని ఆయనకీ తెలుసు.
ఇద్దరం దాని మీద టార్పాలిన్ కప్పి పెట్టుకున్నాం.

ఇంజన్ ఆడతా ఉండగానే
ఒక్కో కాయిల్ కనెక్టర్ పీకినా.
ఒకటోది పీకితే కుంటింది.
మూడోది, నాలుగోది, అంతే.
రెండోది పీకితే
ఏమీ కాలేదు.
తీసేసినా తేడా తెలీలేదంటే
అది ఎప్పుడో పని మానేసిందని లెక్క.
"ఈ లెక్క బండ్లకే పాపా" అన్నాడు మేస్త్రి,
స్పానర్ తుడస్తా, నా పక్క చూడకుండా.

రెండో కాయిల్ తీసి మూడోదాంట్లో పెట్టినా,
మూడోది తెచ్చి రెండోదాంట్లో.
ఇల్లు మారిస్తే గుణం మారతాదా అని చూడడం.
మారలేదు. ఈసారి మూడో సిలిండర్ కుంటా ఉంది.
ఇల్లు తప్పు కాదు, వచ్చిన మనిషిదే.

ఏడింటికి కరెంటు పోయింది.
"మంచిదే" అన్నాడు మేస్త్రి.
ఇస్త్రీ బండి వేలాయుధం దగ్గర నీళ్ళ సీసా అడిగి తెచ్చి,
కాయిల్‌కి పాత ప్లగ్ తొడిగి ఇంజన్ తలకి ఆనించి,
నన్ను సెల్ఫ్ కొట్టమన్నాడు.
చిమ్మచీకటి. పుస్సుమని నీళ్ళు.
ప్లగ్ మొనలో దూకాల్సిన నిప్పు
దోవలోనే, నల్ల రబ్బరు పక్కన,
నీలంగా, దారప్పోగంత,
దొంగగా ఇనుములోకి దిగిపోతా ఉంది.
పగులు వెంట్రుక కంటే సన్నం.
మంట మీదనే నోరు తెరిచే పగులు.

అప్పుడడిగినాడు, మొదటిసారి:
"శబ్దం వస్తా ఉందా పాపా?"
"వస్తా ఉంది మేస్త్రీ.
టిక్కు టిక్కుమని. గోరుతో పలక మీద కొట్టినట్టు."
తల ఊపినాడు. ఆ నీలం పోగునే చూస్తా
ఇంకోసారి కొట్టమన్నాడు.
ఇంకోసారి.
బ్యాటరీ దిగిపోతాదని నేను చెప్పలేదు.

కొత్త కాయిల్ వేసినాం.
పురుషోత్తం మూడు నూర్లు తగ్గించి ఇచ్చి,
తగ్గించినందుకు సిగ్గుపడి ఒక గంప కాయలు దించిపోయినాడు.
మర్నాడు పదకొండింటికి పలమనేరు నుంచి ఫోను:
"ఎక్కేసింది పాపా, మూడో గేరులోనే!"

మేస్త్రి ఏదో బండి కింద పడుకోనుండాడు.
చుట్టూ తిరిగి
కుడిపక్కకి పోయి కూర్చోని చెప్పినా.