ఒక మొద్దు తక్కువ

సిరొంచ దాటి బస్సు దిగాక
ఆరు మైళ్లు ఎర్రదుమ్ము.
చేతిలో జిల్లా ఆఫీసు ఇచ్చిన ఫారం:
కట్టిన ఏడు, వాడిన సామగ్రి, ప్రస్తుత స్థితి.
పైన లావుపాటి మరాఠీ అక్షరాల్లో, వారసా.

చదివి వినిపిస్తే
రాజుబాయి చేతిలో చేట ఆగింది.
"ఎవరు సచ్చిండ్రు సారూ?
ఏం పంచుతున్నరు?"

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు.

దూలాలమడుగు.
పేరులో ఉన్న దూలం ఏ ఇంటి కప్పులోనూ లేదు.
వెదురు వాసాలు, తడికె గోడలు,
ఒక్క గడప మాత్రం చెక్కది,
రంపం వద్దనుకుని వదిలేసిన బెరడు పలక.
ఇక్కడి టేకు రైలు పట్టాల కింద పడుకుంది.
కచ్చేరీల్లో కుర్చీలై కూర్చుంది.
"బొంబాయిల ఎవలో తలుపేసుకుంటే
కిర్రుమనేది మా అడివే" అంటుంది రాజుబాయి,
బొంబాయి ఎటువైపో తెలియక
మడుగు అవతలి గట్టు చూపిస్తూ.

రేంజరు బంగ్లాకు మూడు గోడలు, నిండా గబ్బిలాలు.
నాలుగో గోడ ఎవరి పశువుల కొట్టమైందో
ఆమె చెప్పలేదు, నేను అడగలేదు.
మిగిలిన గోడ మీద బొగ్గు లెక్క:
నాలుగడుగుల రెండంగుళాలు. మూడడుగుల తొమ్మిది.
ఇప్పచెట్టు కాండంలో ఒక ఇనుప కొక్కెం.
చెట్టు దాన్ని మెల్లగా మింగుతోంది,
ఇంకో పదేళ్లకు కొన కూడా కనపడదు.
రాసుకున్నాను.

పచ్చి టేకు తేలదట. నాకు తెలియదు.
దుంగకు రెండు పక్కలా వెదురు మోపులు కట్టి,
జ్వరపడ్డ మనిషిని చంకల కింద చేతులేసి నడిపించినట్టు
మడుగులోంచి కాలువకు,
కాలువలోంచి ప్రాణహితకు,
అక్కణ్ణుంచి గోదారికి.
కట్టు తెగితే మొద్దు మునిగేది.
మొద్దు మునిగితే కూలి తెగేది.

జాడి దస్రు, రాజుబాయి తాత, కట్లు కట్టేవాడు.
నడుంలోతు నీళ్లలో నిలబడి
వడ్లు కొలిచినట్టే మొద్దులు లెక్కపెట్టేవాడు.
ఒకటి అనడు. లాభం అంటాడు.
లాభం, రెండు, మూడు, నాలుగు...
గట్టు మీద గార్డు చిట్టాలో గీతలు.
ఆ ఏడు పోయిన ఖేపు నలభై.
నది ఒడ్డున తేలినవి ముప్పైతొమ్మిది.
ఎర్ర సిరాతో రాశారు: ఒక మొద్దు తక్కువ.

మునిగింది మొదటిది.
మునిగింది లాభం.
మూడు వానకాలాల కూలి దాని వెంటే పోయింది.

"రా" అంది.
చాకిరేవు దగ్గర ముగ్గురాడవాళ్లు బట్టలు ఉతుకుతున్నారు,
ఒక నల్లటి బండ మీద,
సగం నీళ్లలో, సగం బయట.
నన్ను చూసి చేతులు ఆపారు.
రాజుబాయి దోసిట్లో నీళ్లు పోసి
గోటితో సబ్బుజిడ్డు గీకింది.
లోపల గుండ్రంగా సుత్తి ముద్ర.
దాని కింద ఒక అంకె.
బండ కాదు.

"కట్టు తెగిందా?"

"తెగలే. కోసిండు."

"ఎందుకు?"

భుజాలెగరేసింది.
"ఒక్కటన్న మనకాడ ఉండనీ అన్నడట.
మా అవ్వకు మాత్రం ఇంకోటి చెప్పిండు,
బట్టలుతుక బండ లేదని రోజూ సతాయిస్తివి గదనే, అని."

నీళ్లు తగ్గిన ఎండాకాలం తేలింది.
అప్పటినుంచి రేవుకు కదలని పీట.
మూడు తరాల చీరలు దీని మీద చాకిరి చేశాయి,
పురిటి గుడ్డలు, పెళ్లి పసుపు, పీనుగు దుప్పట్లు.
దెబ్బలు తిని తిని మధ్యలో గిన్నెలా దిగింది.

వాడిన సామగ్రి: టేకు.
ప్రస్తుత స్థితి:
ఇక్కడ నా కలం ఆగింది.
సర్కారు టేకు నీళ్లలో ఉన్నా సర్కారుదే.
కొలత రాస్తే టేపు వస్తుంది,
టేపు వెనకే లారీ వస్తుంది.
ముగ్గురాడవాళ్లూ నా ముఖం చూడట్లేదు,
కలం ములికి చూస్తున్నారు.

ఫారంలో బంగ్లా ఉంది. కొక్కెం ఉంది.
మూడో గడిలో చిన్న సిరా చుక్క,
మూత పెట్టేముందు పడింది.

రాజుబాయి నా మెడ మీది తువ్వాలు లాగేసుకుంది.
"ఎంత దుమ్ము మోసుకొచ్చినవ్ సారూ"
అని లాభం మీద పరిచి
నాలుగు దెబ్బలు కొట్టింది.
నురుగు కింద సర్కారు అంకె
మళ్లీ మునిగిపోయింది.