ఏడో గడి

రాత్రి పదకొండుంబావుకి మొగులయ్య ఫోను.
"సారూ, తంగేడుకుంట పద్నాలుగు అడుగులు దాటింది.
ఎవలకు చెప్పాలె?"

నాకే చెప్పాలి. నేను రాసుకోవాలి.
రాసుకున్న అంకె ఎర్రమంజిల్ బీరువాలో
పై సంతకం దాకా పడుకోవాలి.
ఇరవై రెండేళ్లుగా అట్లాగే పడుకుంది.

కట్ట కింద తొమ్మిది వందల ఇళ్లు.
కరెంటు పోయింది,
కొవ్వొత్తి ఎక్కడ పెట్టామని వెతుక్కుంటూ ఉంటాయి.

ఎండాకాలంలో ఒక పాలిటెక్నిక్ పిల్ల వచ్చింది, తస్కీన్.
చెరువు మట్టాలు కావాలంది.
దరఖాస్తు పెట్టుకోమన్నాను.
పెట్టుకుంది.
"కార్యాలయ వినియోగానికి మాత్రమే."
కింద సంతకం నాది.

సంతకం పెట్టిన ఆ వేలితోనే
రిజిస్టరు పేజీ ఫొటో తీసి ఆ పిల్లకి పంపాను.
ఫ్లాష్ వెలుగులో
నా చేతిరాత నాకే కొత్తగా ఉంది.

అప్పటికే నాలుగు జాబితాలు నీళ్లలో తిరుగుతున్నాయి:
మాది, మున్సిపాలిటీది, పోలీసులది, మసీదు కమిటీది.
ఒకదాని మొహం ఒకటి చూడలేదు.
ఒకదాంట్లో ఖైరున్నీసా,
ఇంకోదాంట్లో కైరునిసా,
మూడోదాంట్లో కె. ఎన్. బేగం,
నాలుగోదాంట్లో ఉత్త "ముసలామె, పచ్చ గేటు."
అందరూ ఒక్కతే.
ఆమె ఇంటికి నాలుగు పడవలు బయల్దేరాయి.
వెనక గల్లీలో కుట్టుమిషను మీద నిలబడ్డ ఎల్లవ్వ
ఏ జాబితాలోనూ లేదు.

రెండున్నరకి తస్కీన్
నాలుగింటినీ ఒక్క పట్టికలో పోసింది.
తాళం లేదు. ఎవరైనా చూడొచ్చు, ఎవరైనా దిద్దొచ్చు.
నలుగురు ఖైరున్నీసాలు ఒక్కరయ్యారు.
మూడు పడవలు మిగిలాయి.

పాలు పోసే జంగయ్య
ఏ సందు ఎటు పల్లమో రాశాడు.
ఆటో మాజిద్: "నాలా మీద మూత లేదు, ఎడమకి రావద్దు."
నర్సు ఎస్తేరు:
"ఆకుపచ్చ డాబా, రెండో అంతస్తు, తెల్లారేలోగా ఇన్సులిన్."
ఎవరో పేరు లేని మనిషి:
"వెనక గల్లీల మిషను మీద ఒక అవ్వ ఉంది, చూస్తున్న."
ఎల్లవ్వ దొరికింది.
మిషను దొరకలేదు.

అన్నీ అచ్చుతప్పులే.
అంత నిజమైన కాగితం
మా ఆఫీసులో నేను చూడలేదు.

మూడో రోజు
ఎల్లవ్వ కోడలికి ఎవడో ఫోను చేశాడు.
"ఒక్కదానివే ఉన్నవంట గదా."
నంబరు ఏడో గడిలో ఉంది.
పేరు, ఇల్లు, ఎంతమంది, ఏం కావాలి,
అన్నిటి పక్కనా అది కూడా, తలుపు తీసిపెట్టినట్టు.

తస్కీన్ చాలాసేపు మాట్లాడలేదు.
తర్వాత ఏడో గడిని తీసేసింది.
నంబర్లు పడవ నడిపేవాళ్లకి మాత్రం అందేట్టు పెట్టింది.
"మొదటి రాత్రే తీయాల్సింది సార్.
నీళ్లు ఎంతున్నయో లోకమంతా చూడాలె.
ఆమె ఎక్కడుందో పడవోడు చూస్తే చాలు."

నేను మా ఆఫీసు గుర్తుచేసుకున్నాను.
మట్టానికి తాళం వేశాం.
దరఖాస్తుదారుల ఆధార్ నకళ్లు
గేటు బయట మిర్చిబజ్జీల పొట్లాలయ్యాయి.

నీళ్లు తీశాయి.
పట్టికలో రెండు వరసలకి
"చేరారా?" అన్న గడి ఇంకా ఖాళీ.
ఎవరూ ఏమీ రాయరు.
ఎవరూ ఆ వరసలు తీసేయరు.
రాత్రి తెరిచి చూస్తే
నాలాగే ఇంకా ఎవరో
అక్కడ ఉన్నట్టు చూపిస్తుంది.

మెమో వచ్చింది.
అంకెలు బయటికి ఎట్లా పోయాయో
వారంలో వివరణ ఇవ్వాలట.
కాగితం పెట్టుకు కూర్చున్నాను, ఇంకా మొదలుపెట్టలేదు.

నిన్న తంగేడుకుంట పోయాను.
పాత కొలతబద్ద తూము లోపలుంటుంది,
దిగి, వంగి, టార్చి వేస్తే గాని కనబడదు.
మొగులయ్య సొంత డబ్బుతో పసుప్పచ్చ పెయింటు కొన్నాడు.
రోడ్డుకెదురుగా, నీళ్లలోకి దిగిన గోడ మీద
నిచ్చెన వేసుకుని అడుగులు గీస్తున్నాడు.

బడికి పోయే పిల్ల ఒకతె ఆగింది,
కింది నుంచి ఒక్కొక్కటే పైకి చదివింది.
"తాతా, నీ తొమ్మిది ఆరయింది."

మొగులయ్య వెనక్కి వాలి చూశాడు.
భుజం మీది తువ్వాలుతో తుడిచి
మళ్లీ రాస్తున్నాడు.